రెండు రాళ్ళ దుమ్ము

టొరానో, కర్రారా
1912 ఫిబ్రవరి 4

తమ్ముడు కొర్రాదోకి,

నీకూ ఎర్సీలియాకీ పిల్లలకీ ఒంట్లో బాగుందనే అనుకుంటున్నాను. బాగోలేకపోయినా నువ్వు రాసే రకం కాదుగా. క్రిస్మస్‌కి నీ దగ్గర్నించి ఒక్క ముక్క లేదు. ఇక్కడ కొండగాలికి తలుపులు రాత్రీ పగలూ కొట్టుకుంటున్నాయి. నాకు మోకాళ్ళు తప్ప అన్నీ పనిచేస్తున్నాయి. నోరు అన్నిటికంటే బాగా పనిచేస్తోందని లీబెరో అంటాడు.

వాడి గురించే ఈ ఉత్తరం. మూడోసారి అడుగుతున్నాను. నా కొడుక్కి ఇరవై రెండేళ్ళొచ్చాయి. పాలరాతి మీద ఆకులూ గులాబీలూ చెక్కడంలో కర్రారా మొత్తం మీద వాడి చెయ్యి లాంటి చెయ్యి లేదని వాడి మేస్త్రీయే అన్నాడు. ఆ మేస్త్రీయే పోయిన నెల పిలిచి, పని లేదు పొమ్మన్నాడు. ఇంక మిగిలింది కొండ మీద గని. గని అంటే నాకేమిటో నీకు చెప్పాలా? రాళ్ళు కిందికి జార్చే పనిలో వాడి నాన్న పోయినప్పుడు దుప్పటి కప్పి తెచ్చారు, నన్ను ముఖం కూడా చూడనివ్వలేదు. ఆ కొండకి ఇంకొకణ్ణి ఇవ్వను.

నువ్వు ఒక్క పిలుపు ఉత్తరం రాస్తే చాలు. మన చిన్నోడు ఊగో నీ పిలుపు మీదే కదా అమెరికా వచ్చాడు? వాడి రాత బాగోక నిమోనియాతో పోయాడు, అందులో నీ తప్పేముంది? తమ్ముణ్ణి పిలిచిన నోటికి మేనల్లుణ్ణి పిలవడానికి ఏమొచ్చింది? మొదటిసారి అడిగితే ఎర్సీలియాకి పురుడన్నావు. రెండోసారి ఇల్లు మారుతున్నామన్నావు. ఈసారి ఏం కథ చెబుతావో చూస్తాను.

అక్క ఆర్జియా


బ్యారీ, వెర్మాంట్
1912 మార్చి 1

అక్కా,

కోపంగా ఉన్నా నీ ఉత్తరం చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ మంచు కిటికీ సగం దాకా వచ్చింది. ఎర్సీలియా ఈసారి రైల్లో వచ్చిన ద్రాక్షతో వైన్ పెట్టింది, సగం పుల్లబడింది. 'మీ ఊరి నీళ్ళయితే ఇలా అయ్యేది కాదు' అని నన్నే తిడుతోంది, ఏదో ఆ నీళ్ళు నేను తాగేసినట్టు. ఆడపిల్లలిద్దరూ బళ్ళో ఇంగ్లీషు నేర్చుకొచ్చి ఇంట్లో నాకు అర్థం కాకుండా మాట్లాడుకుంటున్నారు. ఎలియోకి పదిహేడు. మన వాళ్ళందరూ కలిసి పెట్టుకున్న రొట్టెల కొట్టులో పనిచేస్తున్నాడు. సాయంత్రం పిండితో తెల్లగా ఇంటికొస్తాడు.

లీబెరో సంగతి. ఇక్కడ పనుల్లేవక్కా. చలికాలం రాయి చెక్కే షెడ్లు సగం మూతపడ్డాయి. యజమానులు స్కాట్లండ్ వాళ్ళు, మన వాళ్ళంటే గిట్టదు. వాడి చేతికి పాలరాయి తెలుసు, ఇక్కడిదంతా గ్రానైట్. వాడు నేర్చినదంతా వృథా అవుతుంది. బ్యూనస్ ఎయిర్స్ పంపరాదూ? అక్కడ మన పాలరాయినే ఓడల మీద తెప్పించుకుని చెక్కుతారట. ప్యారిస్ అయినా మంచిదే, అమ్మని చూడాలనిపిస్తే రైలెక్కి వచ్చెయ్యొచ్చు.

నాకూ ఈ మధ్య పని కాస్త తక్కువే. ఇంట్లో కూర్చుని చెక్క బొమ్మలు చేస్తున్నాను. కోపం తెచ్చుకోకు.

తమ్ముడు కొర్రాదో


టొరానో
1912 మార్చి 29

అమెరికా మారాజు గారికి,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. బుధవారం జెమ్మాకి వాళ్ళాయన బాల్దో దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. నీ ఊళ్ళోనే, నీ షెడ్డులోనే ఉంటాడుగా బాల్దో. అమెరికా ఉత్తరాలు బట్టలుతికే తొట్టి దగ్గర అందరికీ చదివి వినిపించడం మనకి అలవాటే కదా. జెమ్మా చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకుని మొదలెట్టింది.

'షెడ్ల ముందు పనివాళ్ళు కావాలని బోర్డులు పెట్టారట. ఉలి పట్టడం తెలిస్తే చాలట, దిగిన రోజే పనిలో పెట్టుకుంటారట' అంది. 'మీ కొర్రాదోకి ఎవరో కోటీశ్వరుడి సమాధి మీద దేవదూతని చెక్కే పనిచ్చారటగా ఆర్జియా?' అంది.

ఆడవాళ్ళందరూ నా ముఖమే చూశారు. నేను దుప్పటి పిండుతూ, 'అవునవును, నాకూ రాశాడు' అన్నాను. నీ పరువు కాపాడింది నేను. నా చెవిలో పువ్వులు పెట్టింది నువ్వు.

ఇప్పుడు చెప్పు. పనుల్లేవా? పనులుండి నా కొడుక్కే లేవా? అక్కడ ఇంకో సంసారమేదైనా పెట్టావా, లీబెరో వచ్చి చూసి నాకు రాస్తాడని భయమా? లేకపోతే వాడి చెయ్యి నీ చెయ్యిని మించిపోతుందనా? చిన్నప్పుడు ఊగో నీకంటే బాగా సింహం తల చెక్కితే మూడు రోజులు అన్నం మానేసినవాడివి నువ్వు. నేను మర్చిపోలేదు.

జెమ్మా ఇంకో మాట కూడా చదివింది. ఎలియో ఒకరోజు నీ ఉలి తీసి రాయి మీద పెడితే, నడివీధిలో వాడి చెంప పగలగొట్టావట. 'కొర్రాదో కొడుకుని దొరబాబుని చేస్తున్నాడు' అని రాశాడు బాల్దో. మన నాన్న, తాత, ముత్తాత రాయి కొట్టే బతికారు. నీ కొడుకు రాయి ముట్టుకుంటే మైలపడతాడా?

ఈస్టర్ అవగానే గనికి వెళతానంటున్నాడు లీబెరో. గుర్తుపెట్టుకో.

ఆర్జియా


బ్యారీ
1912 ఏప్రిల్ 21

అక్కా,

ఈ ఉత్తరం తొట్టి దగ్గరికి తీసుకెళ్ళకు. తలుపేసుకుని ఒక్కదానివే చదువుకో.

ఇంకో సంసారం లేదు. ఉన్న సంసారాన్ని చూసుకునే ఓపికే లేదు. పనులున్నాయన్నది నిజం. నేను అబద్ధం రాశాను, ఒప్పుకుంటున్నాను. ఎందుకు రాశానో చెబుతాను, నవ్వకు.

ఇక్కడి దుమ్ము మనుషుల్ని చంపుతోంది. చలికాలమంతా షెడ్డు తలుపులు మూసేసి పనిచేస్తాం. ఇప్పుడు గాలితో కొట్టే ఉలి వచ్చింది. చెయ్యి ఎత్తే పని లేదు, అదే దడదడా కొట్టుకుపోతుంది. పదిమంది చేసే పని ఇద్దరం చేస్తాం. దుమ్ము లేస్తే పక్కనున్నవాడు కనబడడు. ఆ దుమ్ము గుండెల్లో దిగి మళ్ళీ బయటికి రాదు. ముందు పొడి దగ్గు, తర్వాత మెట్లెక్కితే ఆయాసం, తర్వాత మనిషి కుర్చీలోంచి లేవడు. ఈ ఊళ్ళో నలభై ఐదు దాటి ఉలి పట్టినవాణ్ణి చూపించమంటే నేను చూపించలేను. డాక్టర్లు క్షయ అంటారు. యజమానులు తాగుడు అంటారు. మేం ఏమీ అనం. దగ్గే వాడికి పనివ్వరు కాబట్టి రుమాలు నోట్లో కుక్కుకుంటాం.

ఎలియోని కొట్టింది అందుకే. వాడి చేతిలో ఉలి చూడగానే నాకు ఒళ్ళు తెలియలేదు. 'నువ్వు చేసే పని నేను చేస్తే నీకు సిగ్గా నాన్నా?' అన్నాడు ఇంటికొచ్చాక. 'సిగ్గే' అన్నాను. పిల్లాడికి నా జబ్బు సంగతి చెప్పి భయపెట్టనా? ఆ రోజు నుంచి నాతో రొట్టెల సంగతి తప్ప ఇంకేదీ మాట్లాడడు.

లీబెరోని గనికి పంపకు, ఇక్కడికీ పంపకు. బ్యూనస్ ఎయిర్స్‌లో ఎవరున్నారో కనుక్కుంటున్నాను. కొంచెం ఓపిక పట్టు.

కొర్రాదో


టొరానో
1912 మే 17

తమ్ముడూ,

దుమ్మా!

నవ్వొద్దన్నావు కాబట్టి నవ్వలేదు. కోపంతో పొయ్యి మీద సంకటి మాడిపోయింది. ఒరేయ్, నువ్వు ఎక్కడ పుట్టావో, ఎవరికి రాస్తున్నావో మర్చిపోయావా? నాన్న డెబ్బై ఎనిమిదేళ్ళు పాలరాతి దుమ్ము తిన్నాడు. మీసాల్లో దుమ్ము, పక్కలో దుమ్ము, సంకటిలో దుమ్ము. ఆఖరికి ఎలా పోయాడు? వద్దురా దేవుడా అంటున్నా వినకుండా అంజూర చెట్టెక్కి పడి పోయాడు. మనకి కడుపులో మంటగా ఉంటే అమ్మ ఏం చేసేది? చిటికెడు పాలరాతి పొడి నీళ్ళలో కలిపి తాగించేది. నువ్వు ఇంకొంచెం కావాలని ఏడ్చేవాడివి. ఈ ఊళ్ళో కొండ పడి పోయినవాళ్ళున్నారు, తాడు తెగి పోయినవాళ్ళున్నారు. దుమ్ముతో పోయినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు.

రాయి రాయే. రంగు మారితే విషమైపోతుందా?

పైగా ఊగో నీ షెడ్డులోనే, నీ పక్కనే నిలబడి పనిచేశాడు. దుమ్ము చంపేదైతే ముందు వాణ్ణి చంపాలి. వాడు పోయింది నిమోనియాతో. ఈ మాట నేనన్నది కాదు, నువ్వే రాశావు. ఆ ఉత్తరం అమ్మ పెట్టెలో ఇప్పటికీ ఉంది.

నీతో ఇక పని లేదు. బాల్దో తన తమ్ముడితో పాటు లీబెరోని కూడా పిలుస్తున్నాడు. పరాయివాడికి ఉన్న దయ నీకు లేకపోయింది. జులై పదిన జెనోవాలో ఓడ.

ఆర్జియా


బ్యారీ
1912 జూన్ 9

అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను, వాణ్ణి ఆపు.

ఊగోది నిమోనియా కాదు.

నాలుగు నెలలు వాణ్ణి కుర్చీలోనే నిద్రపుచ్చాం. పడుకోబెడితే ఊపిరాడేది కాదు. మన కర్రారాలో రెండు బస్తాలు ఎత్తుకుని కొండెక్కినవాణ్ణి ఎర్సీలియా ఒక్కతే ఎత్తి కూర్చోబెట్టేది. ముప్పై ఒక్క ఏళ్ళు వాడికి. ఆఖరి రోజు 'అమ్మకి మాత్రం రాయకు అన్నయ్యా' అన్నాడు. వాడు చెప్పకపోయినా రాసేవాణ్ణి కాదు. నేను పిలిస్తే వచ్చాడు, నేను నిలబెట్టిన చోట నిలబడ్డాడు, అక్కడి దుమ్ముతోనే పోయాడు. ఆ మాట అమ్మకి ఎలా రాయమంటావు? నిమోనియా అని రాశాను. నా ఉత్తరం తొట్టి దగ్గర చదివారని, ఊరంతా ఏడ్చి, నా మీద కూడా జాలిపడ్డారని నువ్వే రాశావు. ఆ తర్వాత నిజం చెప్పే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.

నాది కూడా అదే జబ్బు. ఫిబ్రవరి నుంచి షెడ్డుకి వెళ్ళలేదు. ఆ దేవదూతకి ఒక రెక్కే నేను చెక్కింది, రెండోది బాల్దో చెక్కాడు. ఎర్సీలియా నలుగురు పనివాళ్ళకి వండిపెట్టి ఇల్లు నడుపుతోంది. పాలరాతి దుమ్ము వేరు, ఈ రాతి దుమ్ము వేరు. ఎందుకు వేరో నాకు తెలియదు, నేను చదువుకున్నవాణ్ణి కాదు. నేను చూసింది చెబుతున్నాను. మన ఊరి వాళ్ళందరం నీలాగే అనుకుని వచ్చాం. దుమ్మంటే భయపడకపోవడమే మా కొంప ముంచింది.

కొర్రాదో


టొరానో
1912 జులై 3

కొర్రాదో,

ఈ ఉత్తరమూ, ఏడేళ్ళ కిందటి ఉత్తరమూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూశాను. చేతిరాత ఒకటే, సంతకం ఒకటే. అందులో నిమోనియా, ఇందులో దుమ్ము. పోయిన మార్చిలో పనుల్లేవు, ఏప్రిల్‌లో ఉన్నాయి. ఏది నమ్మమంటావు? నా కొడుకుని ఆపడానికి చచ్చిపోయిన తమ్ముణ్ణి సాక్ష్యానికి తెచ్చావు చూడు, అది నన్ను కోసేసింది.

నీకు అంత జబ్బే అయితే బాల్దో ఒక్క ముక్కయినా ఎందుకు రాయలేదు? అదే దుమ్ములో నిలబడ్డ మనిషి తన సొంత తమ్ముణ్ణి ఎందుకు పిలుస్తాడు?

మొన్న శనివారం గనిలో తాడు తెగింది. రాయి లీబెరో ముందు నుంచి రెండడుగుల దూరంలో పోయింది. ఇంటికొచ్చి నవ్వుతూ చెబుతున్నాడు. నీ దుమ్ము ఎప్పుడో చంపుతుందంటున్నావు. ఈ కొండ రేపే చంపుతుంది. నేను ఏది ఎంచుకోవాలి?

వచ్చే బుధవారం వాడు ఓడెక్కుతున్నాడు. నువ్వేం చెబుతావో వాడికి ముందే చెప్పి పంపుతున్నాను. అడ్డుపడ్డావని తెలిసిందా, నాకు తమ్ముళ్ళిద్దరూ పోయినట్టే.

ఆర్జియా


టొరానో
1912 సెప్టెంబర్ 22

కొర్రాదో,

తమ్ముడని రాయడానికి చెయ్యి రావడం లేదు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పు.

లీబెరో రాశాడు. మొదటి షెడ్డులో చెయ్యి చూపించమంటే అరగంటలో గులాబీ మొగ్గ చెక్కి చూపించాడట. పనివాళ్ళందరూ చుట్టూ చేరి చూశారట. యజమాని భుజం తట్టి సోమవారం రమ్మన్నాడట. సోమవారం వెళితే గుమ్మంలోనే ఆపేసి, 'నీలాంటివాడు మాకొద్దు' అన్నారట. రెండో షెడ్డులోనూ అంతే. ఐదు షెడ్లు తిరిగాడు, ఐదింట్లోనూ అంతే. ఆఖరికి ఒక గుమాస్తా చెప్పాడట: వీడు కర్రారాలో సమ్మెలు లేవదీసినవాడు, గనిలో మందుగుండు దొంగిలించినవాడు అని ఎవరో వచ్చి చెప్పారట. నా కొడుకా! కోడిని కోస్తుంటే కళ్ళు మూసుకునేవాడు, మందుగుండు దొంగిలిస్తాడా?

ఎవరు చెప్పారో బాల్దోకి తెలుసట. 'మీ మామయ్య ఆదివారం బట్టలు వేసుకుని ఆఫీసు మెట్లెక్కుతుంటే నా కళ్ళతో చూశాను' అన్నాడట.

యజమాని చెవిలో తోటి పనివాడి పేరు ఊదినవాడు మన వంశంలో లేడు. అలాంటివాడు వచ్చి పక్కన కూర్చుంటే నాన్న తాగుతున్న గ్లాసు వదిలేసి లేచిపోయేవాడు. నీకూ నాకూ ఆయన నేర్పింది అదొక్కటే.

నువ్వు కాదని రాయి. ఒక్క ముక్క చాలు. ఇన్నాళ్ళూ నువ్వు రాసినవేవీ నమ్మలేదు, ఇది మాత్రం నమ్ముతాను.

ఆర్జియా


బ్యారీ
1912 అక్టోబర్ 20

అక్కా,

నేనే.

స్టేషన్‌కి వెళ్ళి వాణ్ణి నేనే దింపుకున్నాను. ఫోటోలో చూసిన మామయ్యని నాలో గుర్తుపట్టలేదు. ఇంటికి తీసుకొచ్చి, చొక్కా విప్పి, 'చెవి పెట్టి వినరా' అన్నాను. నవ్వాడు. 'అమ్మ చెప్పింది మామయ్యా, నువ్వు దగ్గి చూపిస్తావని' అన్నాడు. నా గుండె మీద చెవి కూడా పెట్టలేదు. సంచీ భుజాన వేసుకుని బాల్దో ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు ఎర్సీలియా చేసిన సంకటి మాత్రం బాగుందన్నాడు, అది నీ పెంపకం.

ఇంక నా దగ్గర మాటలు మిగల్లేదు. ఉన్నవన్నీ అబద్ధాలాడి చెడగొట్టుకున్నాను. అబద్ధమే ఇంకొకటి ఆడాను.

ఐదు షెడ్లకీ ఐదు రోజులు పట్టింది. రోజుకి ఒక ఆఫీసు కంటే ఎక్కలేకపోయాను. మొదటి యజమాని నన్ను పైనుంచి కిందికి చూశాడు. 'వాడు నీ మేనల్లుడే కదా?' అన్నాడు. 'అందుకే నాకు బాగా తెలుసు' అన్నాను. పుస్తకంలో పేరు రాసుకుని, నాకు చుట్ట ఇవ్వబోయాడు. ఇరవై ఏళ్ళు వాడి దగ్గర పనిచేస్తే ఒక్కనాడూ నా పేరు సరిగ్గా పలకలేదు, ఆ రోజు మిస్టర్ అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయానక్కా. మెట్లు దిగుతూ నాన్న ఎదురొస్తాడేమో అనిపించి పక్కకి జరిగాను.

ఊరంతా తెలిసిపోయింది. పనివాళ్ళ సంఘంలో నా పేరు కొట్టేశారు. రేపు నేను పోతే మన వాళ్ళ బ్యాండు రాదు, శవపేటిక మోయడానికి మనిషి రాడు. ఎర్సీలియా దగ్గర తినే నలుగురిలో ముగ్గురు వెళ్ళిపోయారు. ఆవిడ మిగిలిన ఒక్కడికే రెండింతలు వడ్డిస్తోంది. ఐదో రోజు ఇంటికొచ్చి కుర్చీలో పడిపోతే ఎలియో వచ్చి నా ముందు కూర్చుని బూట్లు విప్పాడు. 'నన్ను కొట్టింది కూడా ఇందుకేనా?' అన్నాడు. 'ఇందుకే' అన్నాను. రెండో బూటు తాడు ముడిపడిపోయింది. దాన్ని విప్పడానికి వాడికి చాలాసేపు పట్టింది.

బాల్దోని తప్పుపట్టకు. వాడికీ దగ్గు మొదలైంది. నాలాగే జెమ్మాకి రాయడు.

లీబెరో ఊరి చివర పాడిపొలంలో పనికి కుదిరాడు. ఆవుల దగ్గర పడుకుంటాడు, తెల్లారి పాలబండి తోలుకుని ఊళ్ళోకి వస్తాడు. ఆ చెయ్యి గులాబీలు చెక్కాల్సిన చెయ్యి, పాలక్యాన్లు మోస్తోంది. ఆ పాపం నాదే, నీకు ఎన్ని శాపాలు తోస్తే అన్నీ పెట్టు. బ్యూనస్ ఎయిర్స్ నుంచి జవాబు వచ్చింది, అక్కడ పాలరాయి పనికి మనుషులు కావాలట. ఆ ఉత్తరం నేనిస్తే చింపేస్తాడని నీకు పంపుతున్నాను. నీ పేరు మీద నువ్వే పంపు. నాది అని చెప్పకు.

రోజూ మా ఇంటి ముందు నుంచే వెళతాడు. తల తిప్పడు. గనుల్లో యజమాని మనుషులు కనబడితే మన వాళ్ళు వేసే ఈల తెలుసుగా నీకు, మా గుమ్మం ముందు అది వేస్తాడు. వీధిలో వాళ్ళు కిటికీలు తీసి నవ్వుతారు. నేను పొద్దున్నే లేచి ఎర్సీలియాతో తలుపు తీయించుకుని కూర్చుంటాను. రొట్టెల కొట్టు మూల మీద మొదలుపెడతాడు, ఎత్తు ఎక్కుతూ వంతెన దాటేదాకా ఆపడు. మధ్యలో ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోవడానికి ఆగడు. నన్ను తిడుతూ అంత పొడుగు ఈల వేస్తాడక్కా. ఈ ఊళ్ళో చెక్కుడు పనివాళ్ళలో ఒక్కడూ వెయ్యలేడు.

నువ్వు కాదన్నా నీ తమ్ముడు,
కొర్రాదో